కొత్త లెన్సుకు పాత మచ్చ

పెళ్ళిళ్ళ రోజులు దగ్గర పడితే కోనసీమ ఫోటో స్టూడియోలలో తరచు వినిపించే మాట ఒకటి వుంది. "ఫలానావాడు కొత్త లెన్సు తెచ్చాడట. పెట్టె విప్పి పట్టుమని పది రోజులు కాలేదు, అప్పుడే లోపల మచ్చ." విన్నవాళ్ళు అయ్యో పాపం అంటారు. దుకాణానికి తీసుకుపోతే అక్కడ అయ్యో పాపం అనేవాడు వుండడు. "మా దగ్గర నుంచి వెళ్ళేటప్పుడు శుభ్రంగా వుంది, మీరేం చేశారో మీకే తెలియాలి" అంటాడు యజమాని. కొన్నవాడు తానేమీ చెయ్యలేదని ఒట్టు పెట్టుకుంటాడు. కౌంటరు దగ్గర గొంతులు లేస్తాయి. చివరికి పెద్ద గొంతువాడు గెలుస్తాడు. సాధారణంగా అది దుకాణదారే అవుతాడు. డబ్బు అప్పటికే అతని గల్లాపెట్టెలో వుంది గదా!

ఇది చిన్న తగాదా అనుకోవటానికి వీల్లేదు. ఊళ్ళో ఫోటోలు తీసుకుని బతికే కుర్రవాడికి లెన్సు అంటే రైతుకు ఇంజను లాంటిది. పందిట్లో వెనక వరసలో నిలబడి తలంబ్రాల ముచ్చట దగ్గరగా తీసే పెద్ద లెన్సు ధర లక్ష రూపాయలు దాటుతుంది. అంత రొక్కం ఒకేసారి పెట్టి కొనగలిగేవాళ్ళు తక్కువ. వాయిదాల మీదో, వడ్డీకి తెచ్చో, ఇల్లాలి గాజులు కుదువ పెట్టో కొంటారు. మచ్చ పడ్డ లెన్సుతో తీసిన పెళ్ళిని మళ్ళీ తియ్యటానికి రాదు. జీలకర్ర బెల్లం పెట్టే ముహూర్తం ఒక్కటే. ఫోటోలు మసకగా వచ్చాయని పెళ్ళివారు మిగతా డబ్బు ఎగ్గొడితే ఏ మొహం పెట్టుకుని అడగాలి?

అందుచేత ఎవరి గొంతు పెద్దదన్నది కాదు అసలు ప్రశ్న. ఆ మచ్చ ఏమిటి, ఎప్పటిది, ఎట్లా పడింది అన్నది ప్రశ్న. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, ఈ మూడింటికీ జవాబు చాలావరకు ఆ మచ్చలోనే వుంటుంది. పశువు పళ్ళు చూసి వయసు చెప్పగల ఊళ్ళలో మచ్చ చూసి వయసు చెప్పటం రాకపోవటానికి కారణం లేదు.

మచ్చ లెన్సుదేనా?

మొట్టమొదట తేల్చుకోవలసింది ఇది. ప్రతి ఫోటోలోనూ ఒకే చోట మసక చుక్క కనిపిస్తే చాలామంది లెన్సును తిడతారు. నిజానికి అట్లాంటి చుక్క ఎక్కువసార్లు కెమెరా లోపలి సెన్సారు మీద వాలిన దుమ్ముది. ఎపర్చరు 16కో 22కో దించి మబ్బు లేని ఆకాశాన్నో, సున్నం వేసిన గోడనో ఒక ఫోటో తియ్యాలి. తరువాత వేరే లెన్సు తగిలించి అదే పని చెయ్యాలి. చుక్క అక్కడే వుంటే లెన్సు నిర్దోషి. చుక్క పోతే అప్పుడు లెన్సును అనుమానించాలి. లెన్సు ముందు అద్దం మీద వున్న నాలుగు దుమ్ము రేణువులు గానీ, సన్నటి గీత గానీ మామూలు ఫోటోలో కనపడనే కనపడవు. అవి ఫోకస్‌కు మరీ దగ్గర గనుక చెదిరిపోతాయి. వెనక అద్దం మీద గీత పడితే మాత్రం ఊరుకోదు. అది సెన్సారుకు దగ్గర గనుక వెలుగు పడ్డ ఫోటోలో నీడలాగా దిగుతుంది.

సెన్సారు సంగతి వచ్చింది గనుక మరో మాట చెప్పుకోవాలి. ఊరేగింపుల్లో, జాతరల్లో డీజే బళ్ళ మీద పెట్టి ఆకాశం దాకా ఆడిస్తున్న లేజర్ దీపాలు కెమెరాలకు శత్రువులు. ఆ కిరణం నేరుగా లెన్సులోకి వస్తే లెన్సు దాన్ని ఒక్క చుక్కగా కూడగట్టి సెన్సారు మీద పెడుతుంది. భూతద్దంతో ఎండలో కాగితం కాల్చిన పిల్లలకు ఈ సంగతి వివరించనక్కర లేదు. రెప్పపాటులో సెన్సారు మీద రంగు చుక్కలో, అడ్డంగా నిలువుగా గీతలో పడి, ఇక పోవు. కెమెరా తయారుచేసే కంపెనీలే ఈ హెచ్చరిక ఇస్తున్నాయి. అట్లా కాలిన కెమెరాకు కొత్త లెన్సు తగిలించి, లెన్సు పాడుగా వచ్చిందని దుకాణం మీదికి వెళితే అక్కడ పరువు పోతుంది.

ఇంకొక భ్రమ కూడా వుంది. చల్లటి ఏ.సి. కల్యాణ మండపం నుంచి ఒక్కసారిగా బయటి ఉక్కపోతలోకి వస్తే లెన్సు మీద ఆవిరి పట్టి పాలు పోసినట్టు తెల్లబడుతుంది. చల్లటి మజ్జిగ చెంబుకు పైన చెమట పట్టినట్టే ఇదీ. అరగంటలో అదే పోతుంది. కంగారుపడి తుండుగుడ్డతో తుడిచి గీతలు పెట్టుకునేవాళ్ళు వున్నారు. సంచీ మూత తీయకుండా బయటి వేడికి కాసేపు అలవాటు పడనిస్తే ఆవిరి పట్టనే పట్టదు.

ఇవన్నీ కాదని తేలిన తరువాతే టార్చి చేతికి తీసుకోవాలి. చీకటి గదిలో, నల్ల గుడ్డ పరిచి, లెన్సును దాని పైన పట్టుకుని, టార్చి వెలుగు ఏటవాలుగా పక్క నుంచి పడేటట్టు చూడాలి. తరువాత వెనక నుంచి వెలుగు వేసి ముందు నుంచి చూడాలి. ఎపర్చరు రేకులు తెరిచి వుంచాలి. కంసాలి దగ్గర వుండే భూతద్దం దొరికితే మరీ మంచిది. ఒక్క హెచ్చరిక: టార్చి వేసి చూస్తే ఎంత కొత్త లెన్సులోనైనా రెండు మూడు దుమ్ము రేణువులు కనిపిస్తాయి. కిటికీలోంచి పడిన ఎండ పట్టెలో దుమ్ము కనపడని ఇల్లు వుంటుందా? దానికి గొడవ పడవలసిన పని లేదు.

వయసున్న మచ్చలు

తగాదా తేల్చేది ఇక్కడే. మచ్చలు రెండు రకాలు. ఒక్క క్షణంలో పడేవి కొన్ని, పెరగటానికి కాలం పట్టేవి కొన్ని. క్షణంలో పడే మచ్చకు తేదీ వుండదు. అది దుకాణంలో పడిందో, బస్సులో పడిందో, కొన్నవాడి ఇంట్లో పడిందో అద్దం చెప్పదు. కానీ కాలం పట్టే మచ్చ తన వయసు తానే చెబుతుంది.

అట్లా చెప్పేవాటిలో మొదటిది బూజు. లెన్సు లోపల సాలెగూడు లాగా, చెట్టు వేళ్ళ లాగా, దూది పోగుల లాగా సన్నటి దారాలు ఒక చోట నుంచి చీలికలు చీలికలుగా పాకి వుంటే అది బూజే. పచ్చడి జాడీలో పట్టే బూజుకు ఇది దాయాది. గాలిలో దీని విత్తనాలు ఎప్పుడూ వుంటాయి. తేమ, చీకటి, కదలని గాలి దొరికితే మొలకెత్తుతాయి. అద్దం మీద చేతి జిడ్డు, దుమ్ము, లోపలి గ్రీజు ఆవిరి దానికి తిండి. గాలిలో తేమ నూటికి డెబ్భై పాళ్ళు దాటి అట్లాగే రోజుల తరబడి నిలిస్తే దానికి పండుగ. ఒక పక్క గౌతమి, ఒక పక్క వశిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద సముద్రం, ఎటు చూసినా కాలువలు. కోనసీమలో వానాకాలం ముసురు పట్టిందంటే తేమ ఎనభై దాటటం మామూలు. కొబ్బరి చెట్టుకు మేలు చేసే గాలి కెమెరాకు చేటు చేస్తుంది. ఇది ఈ ప్రాంతానికే వచ్చిన కష్టం కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల అడవుల్లో పోరాడిన సైన్యాల దుర్భిణీలు, తుపాకుల మీది దూరదర్శినులు ఇట్లాగే బూజు పట్టి పనికిరాకుండా పోతే, దాని మీద ప్రత్యేకంగా పరిశోధనలు చేయించవలసి వచ్చింది.

ఈ బూజు కంటికి కనిపించేటంతగా పెరగటానికి ఎంత కాలం పడుతుంది? తేమ బాగా వున్నా వారాలు పడుతుంది. ఒక్కోసారి నెలలు. అంతేగాని రెండు మూడు రోజుల్లో అద్దం అంతా అల్లుకోదు. కనుక శుక్రవారం కొన్న లెన్సులో సోమవారం సాలెగూడు కనిపిస్తే, అది కొన్నవాడి ఇంట్లో మొలిచింది కాదు. దుకాణం గోడౌనులోనో, అంతకు ముందు మరొకరి బీరువాలోనో మొలిచింది. దుకాణదారు ఎన్ని మాటలు చెప్పినా ఈ లెక్క మారదు.

ఇదే లెక్క కొన్నవాడికి ఎదురు కూడా తిరుగుతుంది. వైశాఖంలో కొని, తోలు సంచీలో బిగించి అటక మీద పెట్టి, కార్తీకంలో తీసి చూసి బూజు పట్టిందని దుకాణం మీదికి పోతే న్యాయం దుకాణదారు పక్షానే వుంటుంది. తోలు సంచీ తేమను పీల్చి దాచుకుంటుంది. బూజుకు అంతకంటె మంచి ఇల్లు లేదు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు సిలికా జెల్ పొట్లాలు వేసి వుంచటం లక్షల ఖర్చు కాదు. పొట్లం తేమ పీల్చుకుని రంగు మారితే వేడి చేసి ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. తేమను నలభై, యాభై పాళ్ళ మధ్య నిలిపే కరెంటు బీరువాలు కూడా వచ్చాయి గాని, అవి పెద్ద స్టూడియోల మాట. బియ్యం డబ్బాలో పెట్టటం మాత్రం మానుకోవాలి. తేమ పోయేది తక్కువ, పిండి దుమ్ము పట్టేది ఎక్కువ.

బూజు ముందుగా పట్టుకుంటే తుడిస్తే పోతుంది. ముదిరితే అది వదిలే ఆమ్లం అద్దం మీది పూతను, తరువాత అద్దాన్నే తినేస్తుంది. అప్పుడు బూజు తీసినా దాని అడుగుజాడ మిగులుతుంది. కొత్త పేరుతో కొన్న లెన్సులో బూజు లేకుండా వేళ్ళ ఆకారంలో తెల్లటి చారలు మాత్రమే కనిపిస్తే, ఎవరో ఒకసారి విప్పి శుభ్రం చేసి మళ్ళీ పెట్టెలో పెట్టారని అర్థం.

రెండో ముసలి మచ్చ అతుకు విడిపోవటం. లెన్సు అంటే ఒక్క అద్దం కాదు. పది పదిహేను అద్దాలు వుండేవి కూడా వున్నాయి. వాటిలో కొన్నింటిని జంటలుగా బంకతో అతికిస్తారు. పూర్వం ఉత్తర అమెరికాలోని ఫర్ చెట్టు నుంచి తీసిన బంక వాడేవారు. కెనడా బాల్సం అని దాని పేరు. ఇప్పుడు రసాయన బంకలు వాడుతున్నారు. ఈ అతుకు ఊడితే అంచు నుంచి లోపలికి, నీళ్ళ మీద కిరోసిను చుక్క వేసినట్టు ఇంద్రధనుస్సు రంగులు పాకుతాయి. దీనికి ఏళ్ళు పడుతుంది. కొత్త లెన్సులో ఇది కనిపిస్తే దాని కొత్తదనం గురించి ఇక మాట్లాడుకోనక్కర లేదు.

మూడోది పూత అరుగుదల. పూత లేని అద్దం తన మీద పడ్డ వెలుగులో ప్రతి ముఖం దగ్గరా నూటికి నాలుగు పాళ్ళు వెనక్కి తిప్పి కొడుతుంది. అన్ని అద్దాలున్న లెన్సులో ఇట్లా పోతూ వుంటే ఫోటోకు మిగిలేదేముంటుంది? దీనికి విరుగుడుగా అద్దం మీద పలచటి పూత వేసే పద్ధతిని 1935లో జర్మనీ జైస్ కంపెనీలో పని చేసిన అలెగ్జాండర్ స్మకులా కనిపెట్టాడు. లెన్సును పక్కకు వాల్చి చూస్తే కనిపించే ఊదా, ఆకుపచ్చ మెరుపులు ఆ పూతవే. దాని మందం వెంట్రుక మందంలో నూరో వంతు కూడా వుండదు. గరుకు గుడ్డతో పదే పదే తుడిస్తే గుండ్రటి సన్నటి గీతలు వందలుగా పడి, మెరుపు అక్కడక్కడ వెలిసిపోతుంది. ఒక్క తుడుపుతో అట్లా కాదు. కొన్న వారానికే ముందు అద్దం మధ్యలో వెలిసిన మచ్చ వుంటే ఆ లెన్సు ఎవరి చేతిలోనో చాలా కాలం తిరిగింది.

వయసు చెప్పని మచ్చలు

ఒంటరి గీత, అంచు పెచ్చు, నొక్కు. వీటికి తేదీ లేదు. ఐతే కారణం మాత్రం పట్టుకోవచ్చు. ముందు అద్దం మీద గుంపుగా చిన్న చిన్న గుంటలు పడి, వాటిలో గోధుమ రంగు చుక్కలు కనిపిస్తే అది నిప్పు రవ్వల పని. పందిరి స్టేజీకి ఇనుప చట్రాలు కోస్తూ వెల్డింగు చేస్తూ వుంటే ఆ పక్కనే నిలబడి ఫోటోలు తీసే అలవాటు చాలామందికి వుంది. ఎగిరిపడే ఇనుప రవ్వ అద్దానికి కరుచుకుని, తరువాత తుప్పు పట్టి గోధుమ రంగుకు తిరుగుతుంది. అటువంటి దుకాణ సమీపంలో నిలిపిన కారు ముందు అద్దాన్ని గోటితో తడిమి చూస్తే ఇదే తెలుస్తుంది. ఈ మచ్చ దుకాణం పెట్టెలో పుట్టే అవకాశం చాలా తక్కువ. కొన్నవాడు ముందుగా తన పనిచోటును గుర్తు చేసుకోవటం మంచిది.

అంతర్వేది తీర్థానికి వెళ్ళి సముద్రం ఒడ్డున ఫోటోలు తీసినవాళ్ళ లెన్సు మీద తెల్లటి చుక్కలు ఆరిపోయి కనిపిస్తాయి. అవి ఉప్పు. పొడి గుడ్డతో తుడిస్తే ఉప్పు గళ్ళు అద్దాన్ని గీరుతాయి. ముందు గాలి బుడ్డితో ఊది, తరువాత తడి చేసిన మెత్తటి గుడ్డతో అద్దాలి. కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థంలో చేలగట్ల మీద దుమ్ములో తిరిగి వచ్చినప్పుడూ ఇదే వరస.

కంటికి ఏ మచ్చా కనపడకుండా పాడైన లెన్సులు మరీ చిక్కు. గుంపు ఫోటోలో ఎడమ వైపు చుట్టాలు స్పష్టంగానూ, కుడి వైపు చుట్టాలు మసకగానూ వస్తారు. కుడి వైపు నిలబడ్డ మేనమామకు కోపం. ఇది పార్సిల్లోనో మరెక్కడో కింద పడి లోపలి అద్దం పక్కకు ఒరిగినప్పుడు జరుగుతుంది. ఇటుక గోడకు ఎదురుగా స్టాండు మీద కెమెరా పెట్టి, ఎపర్చరు పూర్తిగా తెరిచి ఒక ఫోటో తియ్యాలి. తరువాత కెమెరాను తలకిందులు చేసి అదే గోడను మళ్ళీ తియ్యాలి. మసక గోడలో అదే భాగం మీద వుండిపోతే కెమెరాను గోడకు వంకరగా పెట్టినట్టు. మసక గోడ రెండో వైపుకు మారిపోతే తప్పు లెన్సుది. ఫిల్టరు బిగించే అంచు మీద నొక్కు వుందేమో కూడా అప్పుడు చూడాలి.

ఇక పెట్టె, బిళ్ళ, మెడ. ఈ మూడూ కూడా సాక్షులే. లెన్సును కెమెరాకు బిగించే లోహపు మెడ మీద తిరిగిన చోట రాపిడి గీతలు పడతాయి. ఒకటి రెండు సన్నటి గీతలుంటే పరీక్షించారనుకోవచ్చు. మెరుగు అరిగి వుంటే చాలాసార్లు తగిలించి తీసినట్టు. చిన్న స్క్రూల తలల గాడి చెదిరి వుంటే ఎవరో విప్పారు. లెన్సు మీది నంబరు, పెట్టె మీది నంబరు, వారంటీ కార్డు మీది నంబరు ఒకటే కావాలి. విదేశం నుంచి వచ్చిన సరుకైతే పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర ముద్రించి తీరాలని 2011 నాటి ప్యాకెట్ సరుకుల నిబంధనలు చెబుతున్నాయి. ఆ బిళ్ళ లేని పెట్టెను బిల్లు లేకుండా ఐదారు వేలు తక్కువకు ఇస్తామంటే, ఆ తగ్గిన డబ్బు తరువాత ఎక్కడ ఖర్చవుతుందో కొనేవాడు అక్కడే ఆలోచించుకోవాలి.

సాక్ష్యం తుడిచేసుకునేవాళ్ళు

దుకాణదారులను మాత్రమే అనటం న్యాయం కాదు. మచ్చ కనిపించగానే కొన్నవాళ్ళు చేసే మొదటి పని దాన్ని పోగొట్టబోవటం. టూత్ పేస్టు పెట్టి రుద్దుతారు. గోళ్ళ రంగు తుడిచే మందు వేస్తారు. టీవీలు బాగుచేసే మిత్రుడి చేత విప్పిస్తారు. మచ్చ పోదు సరిగదా, పూత లేచిపోతుంది, స్క్రూ తల అరుగుతుంది. అప్పుడు దుకాణానికి వెళితే "విప్పింది మీరే" అన్న జవాబుకు ఎదురు చెప్పటానికి ఏమీ మిగలదు. శవపరీక్షకు ముందే దహనం చేసినట్టు వుంటుంది ఈ వ్యవహారం. మచ్చ కనిపించిన నాడే టార్చి వెలుగులో ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి, లెన్సు నంబరు కూడా ఒక ఫోటోలో వచ్చేటట్టు చూసి, దుకాణదారుకు ఆ రోజే కాగితం మీదనో ఫోన్ సందేశంగానో తెలియజెయ్యాలి. పార్సిల్లో తెప్పించుకున్నవాళ్ళు పెట్టె సీలు తీసేటప్పుడే వీడియో తీసుకోవటం ఇప్పుడు అందరికీ చేతనైన పని.

ఆలస్యం ఎందుకు పనికిరాదంటే, 1930 నాటి వస్తు విక్రయ చట్టం కొన్నవాడికి సరుకు పరీక్షించి చూసుకునే హక్కు ఇచ్చింది. అదే చట్టం సరుకు దగ్గర పెట్టుకుని సహేతుకమైన కాలం దాకా నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టేనని కూడా అంటోంది. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు కింద అచ్చు వేసుకుని దాన్నే శాసనంలా చూపించే దుకాణాలకు కూడా ఒక జవాబు వుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపం వున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే ముప్ఫై రోజుల్లో, వెనక్కి తీసుకోవటానికి నిరాకరించటం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవటం కూడా అంతే.

"ఫోటోలు తీసి సంపాదిస్తున్నావు గదా, నువ్వు వినియోగదారుడివి ఎట్లా అవుతావు?" అని దబాయించేవాళ్ళు వున్నారు. వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాడన్న మాట చట్టంలో నిజమే. కానీ స్వయం ఉపాధితో, తన జీవనం కోసమే తాను వాడుకునే వస్తువుకు ఆ అడ్డు లేదని అదే చట్టం వివరణ ఇచ్చింది. కెమెరా భుజాన వేసుకుని ఊరూరా తిరిగే కుర్రవాడు నిస్సందేహంగా వినియోగదారుడే. లెన్సు హైదరాబాదు కోఠీలో కొన్నా, ఇంకెక్కడ కొన్నా, ఫిర్యాదు తాను నివసించే చోటి జిల్లా కమిషన్‌లో వేసుకోవచ్చు. ఐదు లక్షల లోపు సరుకుకు రుసుము లేదు. గడువు రెండేళ్ళు. వకీలును పెట్టుకోవాలన్న నియమం లేదు. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి చెప్పుకునే ఏర్పాటు కూడా వుంది.

ఇంతవరకు చట్టం బాగానే వుంది. చిక్కు వచ్చేది తరువాత. పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే ఆ సరుకును గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపాలని, 45 రోజుల్లో నివేదిక తెప్పించాలని చట్టం చెబుతోంది. లెన్సును పరీక్షించే ప్రయోగశాల పల్లెవాడికి ఎక్కడ కనిపిస్తుంది? దానికి దారి లేక, లెన్సును అమ్మిన కంపెనీ వారి సర్వీసు కేంద్రమే "వాడకంలో జరిగిన నష్టం" అని ఒక్క వాక్యం రాసి పంపితే, ఆ వాక్యమే తీర్పులాగా చెలామణి అవుతోంది. దావాలో ఒక పక్షం వారే సాక్షి, వారే పరీక్షకులు, వారే నిపుణులు! ఆ కాగితంలో బూజు అని రాసివుండదు, గీత అని రాసివుండదు, మచ్చ ఏ అద్దం మీద వుందో రాసివుండదు. కారణం రాయని అట్లాంటి కాగితాన్ని కమిషన్లు నివేదికగా అంగీకరించకూడదు.

బూజును గీతను వేరుచేసి చెప్పటానికి పెద్ద యంత్రాలు అక్కర లేదు. ఇరవై ముప్ఫై రెట్లు పెద్దది చేసి చూపించే మైక్రోస్కోపు, నల్ల గుడ్డ, ఏటవాలు వెలుగు, చూసిందాన్ని చూసినట్టు రాసే మనిషి వుంటే చాలు. కాకినాడలో సాంకేతిక విశ్వవిద్యాలయం వుంది. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వుంది. భౌతికశాస్త్రం చెప్పే కళాశాలల్లో మైక్రోస్కోపులు వున్నాయి. వీటిలో ఒకదానిని ఈ పనికి గుర్తిస్తూ ప్రభుత్వం ఒక్క ఉత్తర్వు ఇస్తే ఖజానాకు పెద్దగా పోయేదేమీ లేదు. లెన్సులకే కాదు, దుర్భిణీలకు, సర్వేవారి పరికరాలకు, కళ్ళజోళ్ళ పూతలకు కూడా అదే బల్ల పనికివస్తుంది. ఫోటోగ్రాఫర్ల సంఘాలు ఏటా ఆగస్టు 19న ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం జరిపి దండలు వేసి ఊరుకోకుండా, ఈ ఉత్తర్వు కోసం ఒక వినతిపత్రం ఇచ్చి వెంటపడితే బాగుంటుంది.

దుకాణదారుల మాట కూడా వినాలి. వచ్చిన ప్రతివాడికీ పెట్టె విప్పి టార్చి వేసి చూపిస్తూ కూర్చుంటే వ్యాపారం సాగేదెట్లా అంటారు వారు. కొందరు కొన్నవాళ్ళు పెళ్ళి రోజుల్లో వాడుకుని, రాయి తగిలించి, కొత్తదే పాడుగా వచ్చిందని తెస్తారని కూడా అంటారు. అది నిజమే కావచ్చు. ఐతే ఆ ఇబ్బందికీ మందు అదే గదా. బట్టల కొట్లో వెయ్యి రూపాయల చీరకు నలభై మడతలు విప్పి, జరీ అంచు వెలుతురులోకి పట్టి చూపిస్తారు. కంసాలి కాసు బంగారాన్ని రెండుసార్లు తూచి చూపిస్తాడు. లక్ష రూపాయల లెన్సుకు ఐదు నిమిషాలు టార్చి వెయ్యటానికి తీరిక లేకపోవటం విడ్డూరం. "లోపల బూజు లేదు, గీతలు లేవు, మెడ మీద రాపిడి లేదు, ఇద్దరమూ చూశాం" అని బిల్లు వెనక ఒక్క వాక్యం రాసి, లెన్సు నంబరు వేసి, ఇరువురూ సంతకాలు పెడితే సరిపోతుంది. రేపు ఆ లెన్సులో నిప్పు రవ్వల గుంటలతో ఎవరైనా వచ్చి కౌంటరు మీద గుద్దితే, దుకాణదారు బల్ల మీద పెట్టవలసిన కాగితం కూడా అదే.